కొబ్బరితోటలో లింగాకర్షక బుట్ట కట్టేముందు ఇవి చూసుకోండి

లింగాకర్షక బుట్ట అంటే వాసన ఎరతో పురుగుల్ని రప్పించి పట్టే బకెట్. ముందు ఏ పురుగో తేల్చుకోండి. ఎర్రముక్కు పురుగుకు ఒక ఎర, కొమ్ము పురుగుకు వేరే ఎర, ఒకటి కొని రెండింటికీ పనికొస్తుందనుకోకండి.

ఎర ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టండి, కట్టే రోజే తీయండి. గ్లౌజులు తప్పనిసరి, ఆ వాసన చేతికంటితే అంత తేలిగ్గా పోదు.

అన్నిటికంటే ముఖ్యం బుట్ట కట్టే చోటు. లేత మొక్కల పక్కన అస్సలు వద్దు, ఎందుకంటే వాసనకు వచ్చిన పురుగులన్నీ బకెట్‌లో పడవు, కొన్ని పక్క చెట్టు మీదే వాలతాయి, ముక్కు పురుగైతే గాయం ఉన్నచోట గుడ్లు పెడుతుంది, అప్పుడు మనమే పిలిచి తోట అప్పగించినట్టు అవుతుంది. గట్టు వైపు, మీటరు ఎత్తున, ఎండ నేరుగా తగలకుండా కట్టండి. రెండున్నర ఎకరాలకు ఒకటి.

బకెట్ బయట గోనెపట్టా చుట్టారా? నున్నటి ప్లాస్టిక్ మీద ముక్కు పురుగు కాళ్లు జారతాయి, లోపలికి ఎక్కలేదు. లోపల పులిసిన చెరకు ముక్కలు గానీ కల్లు గానీ, దాంతోపాటు నీళ్లు ఉండాలి, వారానికోసారి మార్చాలి, నీళ్లు ఎండిపోతే పడిన పురుగు మళ్లీ పాక్కుంటూ బయటికొచ్చేస్తుంది.

పడ్డవాటిని లెక్కపెట్టి రాసుకోండి. ఆడవి, మగవి రెండూ పడతాయి. తీసినవి తోటలో పారెయ్యకుండా చంపి లోతుగా పాతిపెట్టండి.