సముద్రంలో ఉక్కు పైలుకు ఎన్ని ఆనోడ్లు కావాలి: లెక్క, బిగింపు, కొలత

సముద్రంలో గాలి టర్బైన్ నిలబెట్టినా, అలల నుంచి కరెంటు తీసే యంత్రం నిలబెట్టినా కింద బరువు మోసేది చాలాచోట్ల ఉక్కు పైలే, అంటే సముద్రం అడుగులోకి దింపిన లావాటి ఉక్కు గొట్టం. గుజరాత్‌లో పిపావావ్ దగ్గర, ఖంభాత్ సింధుశాఖలో గాలి కొలతల కోసం 2017లో పెట్టిన లైడార్ (లేజరు కాంతితో గాలి వేగం కొలిచే పరికరం) వేదికను కూడా ఒంటి పైలు మీదే నిలబెట్టారు. ఉప్పునీటిలో ఆ ఉక్కు తుప్పు పట్టకుండా ఉండాలంటే దాని బదులు తాను కరిగిపోయే లోహపు దిమ్మ ఒకటి దానికి విద్యుత్ సంబంధం ఉండేలా బిగించి ఉండాలి. అదే ఆనోడ్. ఉక్కు బోట్ల చుక్కాని దగ్గర బిగించే జింకు దిమ్మ చేసే పని కూడా ఇదే. పెద్ద కట్టడాలకు మాత్రం జింకు, ఇండియం కలిపిన అల్యూమినియం దిమ్మలు వాడతారు, కిలోకి ఎక్కువ కరెంటు ఇస్తాయి కాబట్టి. ఇండియం లేని మామూలు అల్యూమినియం పనికిరాదు. దాని పైన ఆక్సైడ్ పొర కట్టి కరెంటు ఆగిపోతుంది.

ఒక పైలు తీసుకుని లెక్క కడదాం. వ్యాసం 1.2 మీటర్లు, నీటిలో 12 మీటర్లు, బురదలో 15 మీటర్లు, రంగు లేని ఉక్కు, ఆయుష్షు 20 ఏళ్లు. నీటిలో ఉన్న ఉపరితలం 45.2 చదరపు మీటర్లు, బురదలోది 56.5. బురదలో భాగం కనబడదు కదా అని లెక్కలోంచి వదిలేస్తుంటారు, కానీ అదీ కరెంటు తాగుతుంది.

సముద్ర కట్టడాలకు ప్రమాణాలు రాసే డీఎన్‌వీ సంస్థ బీ401 పత్రం ప్రకారం, 20 డిగ్రీలు దాటిన వెచ్చని నీటిలో 30 మీటర్ల లోతు లోపల చదరపు మీటరుకు మొదట్లో 0.150 ఆంపియర్లు, సగటున 0.070, చివర్లో 0.100 కావాలి. బురదలో 0.020 చాలు. మొదట్లో ఎందుకంత ఎక్కువంటే, కొత్త ఉక్కు మీద సున్నపు పొర ఇంకా కట్టి ఉండదు. ఆ పొర ఏర్పడ్డాక అవసరం తగ్గుతుంది.

సగటు కరెంటు: 45.2 × 0.070 + 56.5 × 0.020, అంటే 4.30 ఆంపియర్లు. 20 ఏళ్లంటే 1,75,200 గంటలు. మొత్తం దాదాపు 7,53,000 ఆంపియర్ గంటలు. కిలో అల్యూమినియానికి 2,000 ఆంపియర్ గంటలు, అందులో 90 శాతమే వాడుకోగలం అనుకుంటే కావలసింది దాదాపు 419 కిలోలు. మీటరు పొడవు, 15 × 15 సెంటీమీటర్ల దిమ్మ, మధ్యలో 6 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం తీసుకుంటే అల్యూమినియం 53 కిలోలు వస్తుంది. కాబట్టి ఎనిమిది దిమ్మలు.

బరువు సరిపోయిందని ఇక్కడే ఆగకూడదు. ఒక్కో దిమ్మ ఎంత కరెంటు ఇవ్వగలదో కూడా చూడాలి. నిరోధం = నీటి విశిష్ట నిరోధం ÷ (2 × పై × పొడవు) × (లాగరిథమ్ (4 × పొడవు ÷ వ్యాసార్ధం) − 1). విశిష్ట నిరోధమంటే నీరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. ఇక్కడ సహజ లాగరిథమ్ వాడాలి. చతురస్ర దిమ్మకు వ్యాసార్ధమంటే చుట్టుకొలతను 2 × పైతో భాగిస్తే వచ్చేది. విశిష్ట నిరోధం 0.20 ఓమ్ మీటర్లు తీసుకుంటే నిరోధం 0.087 ఓమ్‌లు, దిమ్మకూ ఉక్కుకూ మధ్య వోల్టేజి తేడా 0.25 వోల్టులు, దిమ్మకు 2.9 ఆంపియర్లు. ఎనిమిదింటికి దాదాపు 23. మొదట్లో కావలసింది 7.9 మాత్రమే. 90 శాతం కరిగిపోయాక కూడా ఎనిమిదీ కలిపి 16 ఇస్తాయి, అప్పటి అవసరం 5.7. ఇక్కడ దిమ్మల సంఖ్యను తేల్చింది బరువే. అయితే నదీముఖాల దగ్గర, వరద నీరు కలిసే చోట నీటి ఉప్పదనం పడిపోయి విశిష్ట నిరోధం పెరుగుతుంది. అక్కడ 0.20 పెట్టి ఊరుకోకుండా, వానాకాలంలో నీటిని కొలిచి ఆ అంకెతో మళ్లీ లెక్క వేయండి.

ఇక బిగింపు. దిమ్మకూ పైలుకూ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. 15 నుంచి 30 లోపు అయితే పై నిరోధాన్ని 1.3తో గుణించాలి. నాలుగు వైపులా రెండు వరసల్లో సర్దండి. పై వరస అతి తక్కువ ఆటులో కూడా నీటి బయటికి రాకూడదు, ఎందుకంటే గాలిలో దిమ్మ పనిచేయదు. మధ్యలోని గొట్టం కాళ్లను పైలుకు ముందే వేసిన ప్లేటుకు ఒడ్డునే వెల్డింగు చేయించండి. బోల్టులు, క్లాంపులు వదులైతే తుప్పు చేరి విద్యుత్ సంబంధం తెగిపోతుంది. పైలుకు రంగు వేసేటప్పుడు దిమ్మలకు సంచి చుట్టి కట్టేయండి. దిమ్మ మీద రంగు పడితే ఆ మేరకు అది చచ్చినట్టే.

అలలు ఎగసిపడే చోట, అంటే ఆటు మట్టం పైన, ఏ ఆనోడూ పూర్తిగా కాపాడలేదు. అక్కడ మంచి ఎపాక్సీ రంగు, తుప్పుకు పోగా మిగిలేలా అదనపు మందం, ఈ రెండూ కావాలి. రంగును నీటి మట్టం కిందికి కూడా కొంత దింపండి.

పైలు లోపలి భాగం ప్రత్యేకంగా చూడాలి. లోపల నీరు మూసి ఉంటే ఆక్సిజన్ అయిపోయి తుప్పు ఆగిపోతుందని మొదట్లో గాలి టర్బైన్ల పైలులను అలాగే వదిలేశారు. కానీ కేబులు దూరే రంధ్రం దగ్గర నీరు మారుతూ ఆక్సిజన్ లోపలికి చేరుతూనే ఉంది. మూసిన నీటిలో అల్యూమినియం ఆనోడ్ వేసినా ఇబ్బందే, నీరు ఆమ్లంగా మారుతుంది. లోపల ఆనోడ్ పెడితే నీరు మారేలా రంధ్రాలు వదలాలి.

నీటిలో దింపాక కొలత. వోల్టేజి పోల్చి చూడటానికి వాడే వెండి, వెండి క్లోరైడు సెల్‌ను మీటరు ఒక తీగకు కట్టి పైలుకు వీలైనంత దగ్గరగా దించి, మీటరు రెండో తీగను ఉక్కుకు గట్టిగా తగిలించండి. ఉక్కు దగ్గర రంగు, తుప్పు గీకి మెరిసే లోహం మీద మొన ఆనించకపోతే అంకె అటూ ఇటూ ఊగుతుంది. మీటరు నిరోధం 10 మెగా ఓమ్‌లు ఉండాలి. మైనస్ 0.80 వోల్టుల నుంచి మైనస్ 1.10 వరకు ఉంటే పైలు క్షేమం. మైనస్ 0.65 దగ్గర ఉంటే రక్షణ లేదు. దిమ్మలకూ ఉక్కుకూ సంబంధం తెగింది, లేదా దిమ్మలు ఊడాయి. మైనస్ 1.10 దాటితే హైడ్రోజన్ పుట్టి బలమైన ఉక్కు బోల్టులు పెళుసుబారే ప్రమాదం ఉంది. ప్రతి దిమ్మ దగ్గరా, దిమ్మలకు మధ్య ఉన్న ఉక్కు దగ్గరా, అడుగున బురద అంచున విడివిడిగా రాసుకోండి. ఏటా అవే చోట్ల కొలిస్తే ఏ దిమ్మ కరుగుతోందో, ఏది కరగకుండా మిగిలిపోతోందో తెలుస్తుంది. అసలు కరగని దిమ్మ కనిపిస్తే దాన్ని మిగులుగా లెక్కవేయకుండా, వెల్డింగు తెగిందేమో డైవరును పంపి చూడండి.