ఫోటోగ్రఫీ సదస్సుకు వెళ్లి నిజంగా నేర్చుకొని రావడం ఎలా?

అమెరికాలో వృత్తి ఫోటోగ్రాఫర్ల కోసం జరిగే సదస్సులలో రెండు ముఖ్యమైనవి. 19వ శతాబ్దంలోనే మూలాలున్న ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్స్ ఆఫ్ అమెరికా సంఘం సాధారణంగా జనవరి నెలలో ఊరు మార్చుకుంటూ జరిపే ఇమేజింగ్ యూఎస్‌ఏ మొదటిది. పెళ్లి ఫోటోలు, పోర్ట్రెయిట్లు తీసేవారి కోసం లాస్ వేగాస్‌లో జరుగుతూ వచ్చిన డబ్ల్యూపీపీఐ (వెడ్డింగ్ అండ్ పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్స్ ఇంటర్నేషనల్) రెండవది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు పెళ్లిళ్లు తీస్తూ జీవించే ఫోటోగ్రాఫర్ ఇలాంటి చోటికి వెళ్లాలంటే టికెట్టు, హోటలు ఖర్చుతో పాటు ఆ రోజుల సంపాదన కూడా వదులుకోవాలి. అంత పెట్టి వెళ్లినవారు సంచి నిండా కరపత్రాలతో, ఫోను నిండా స్లైడ్ల ఫోటోలతో తిరిగి వచ్చి, మరుసటి పెళ్లిని పాత పద్ధతిలోనే తీయడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఒక్కటే, కానీ దానికి ఒక పూట పడుతుంది. మీరు తీసిన చివరి పది పెళ్లిళ్లలో ఆల్బమ్‌కు పనికిరావని పక్కన పెట్టిన ఫోటోలను తెరిచి, అన్నింటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తున్న తప్పు ఏదో గుర్తించండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్నే తీసుకుందాం. అడ్డుతెర ఇటువైపు పురోహితులు, తల్లిదండ్రులు, మేనమామలు ముందుకు వంగి ఉంటారు. వీడియో లైటు ఒక పక్క నుంచి కొడుతుంది. కెమెరాపై ఉన్న ఫ్లాష్ వెలిగితే దగ్గరున్న మేనమామ భుజం తెల్లగా మాడిపోతుంది, పట్టుచీర జరీ, వడ్డాణం మెరిసిపోతాయి, వధూవరుల ముఖాలు మాత్రం చీకట్లో ఉండిపోతాయి. అప్పుడు మీ ప్రశ్న “లైటింగ్ నేర్చుకోవాలి” అన్నంత విశాలంగా ఉండదు. “దగ్గరున్నవారికీ వెనకున్నవారికీ దాదాపు ఒకే వెలుగు అందేలా చేయడం ఎలా?” అన్నంత నిర్దిష్టంగా ఉంటుంది. ఒకే సమయంలో పలు గదుల్లో తరగతులు నడిచే చోట, ఏ గదిలో కూర్చోవాలో ఆ ప్రశ్నే నిర్ణయిస్తుంది.

తరగతిలో బోధకుని కెమెరా సెట్టింగులు రాసుకోవడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు, ఎందుకంటే అవి ఆ గదికి, ఆ దీపానికి మాత్రమే సరిపోతాయి. దీపం మోడల్‌కు ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ కోణంలో ఉంది, ఎందుకు అక్కడే పెట్టారు అన్నది చిన్న బొమ్మగా గీసుకోండి. పైన చెప్పిన ప్రశ్నకు జవాబు దూరంలోనే ఉంది. చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, ఫ్లాష్‌కు ఒక మీటరు దూరంలో ఉన్న మనిషికి అందే వెలుగులో నాలుగో వంతే రెండు మీటర్ల దూరంలో ఉన్నవారికి అందుతుంది, అంటే రెండు స్టాపులు తక్కువ (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). అదే దీపాన్ని స్టాండుపై ఎత్తుగా నిలిపి, దగ్గరి మనిషికి నాలుగు మీటర్లు, వెనకవారికి ఐదు మీటర్లు ఉండేలా వెనక్కి జరిపితే, వెనకవారికి దాదాపు 64 శాతం వెలుగు దక్కుతుంది. తెల్ల గౌను తొడిగిన మోడల్‌పై చూపిన పాఠం మన మండపంలోకి వచ్చేది ఈ లెక్క ద్వారానే. బోధకుడు అమర్చిన వెలుగులో ఆయన భుజం పక్క నుంచి తీసిన ఫోటోలను మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోకండి. అవి మీ పనిని చూపవు.

ఇక నా అభిప్రాయంలో సదస్సు మొత్తానికి అత్యంత విలువైన చోటు ప్రింట్ల పోటీకి తీర్పు చెప్పే గది. లాస్ వేగాస్ సదస్సులో ఈ తీర్పు ప్రేక్షకుల ఎదుటే జరుగుతూ వచ్చింది. తీసినవారి పేరు చెప్పకుండా ఒక్కొక్క ప్రింటును నిర్ణీత వెలుగులో ఉంచుతారు, న్యాయనిర్ణేతలు నూటికి మార్కులు వేస్తారు, 80 గానీ అంతకు మించి గానీ వస్తే గుర్తింపు లభిస్తుంది. న్యాయనిర్ణేతల్లో ఎవరికైనా ఆ మార్కు అన్యాయమనిపిస్తే సవాలు చేయవచ్చు. అప్పుడు జరిగే వాదనలో ఒక ఫోటోను చదవడం ఎలాగో వినబడుతుంది. మనకు సాధారణంగా పెళ్లివారి మెచ్చుకోలు తప్ప మరో మాట వినే అవకాశం ఉండదు, అందుకే ఈ గదిలో కనీసం రెండు గంటలు కూర్చోమని గట్టిగా చెబుతాను.

అక్కడ ఊరికే చూస్తూ కూర్చోకుండా, న్యాయనిర్ణేతల మార్కు వెలువడక ముందే మీ మార్కు కాగితంపై వేయండి. నలభై, యాభై ప్రింట్లయ్యాక రెండు వరుసలనూ పోల్చండి. మీరు రంగులు గాఢంగా ఉన్న ప్రతిదానికీ ఎక్కువ వేశారా, అంచున ఉన్న తెల్లటి మచ్చ చూపును లాగేస్తున్నా గమనించలేదా, ముఖంలో భావం లేకపోయినా నేపథ్యానికి మురిసిపోయారా అన్నది తేలుతుంది. తలంబ్రాల అర్థం తెలియని న్యాయనిర్ణేత ఆ సందర్భపు ఆత్మీయతను అందుకోలేకపోవచ్చు, కానీ వెలుగు గురించి, అంచుల గురించి ఆయన చెప్పే మాట మన ఫోటోకూ వర్తిస్తుంది.

పరికరాల ప్రదర్శనలో మీ సొంత కెమెరా బాడీ, ఖాళీ మెమరీ కార్డు దగ్గర ఉంచుకోండి. నిర్వాహకులను అడిగి కొత్త లెన్సును తగిలించి, పూర్తిగా తెరిచిన అపెర్చర్‌లో (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) కొన్ని తీసి, కొనే నిర్ణయం ఇంటికెళ్లి పెద్ద తెరపై చూశాకే తీసుకోండి. ఆల్బమ్‌ల స్టాళ్ల దగ్గర మాత్రం నిదానించండి. తెరిస్తే 36 అంగుళాలు పరుచుకొనే మన కరిజ్మా ఆల్బమ్‌లో మధ్య మడత ఎవరి ముఖం మీదుగా పోతోందో గుర్తు తెచ్చుకుంటూ, అక్కడి పేజీలలో ఖాళీ స్థలం ఎలా వదిలారో పరిశీలించండి.

ధరలపై చెప్పే తరగతుల్లో వినిపించే డాలర్ల అంకెలు మూడు రోజుల తెలుగు పెళ్లికి సరిపోవు. ఎడిటింగ్ గంటలు, పరికరాల అరుగుదల, పన్ను కలిపి ఖర్చు కట్టే పద్ధతిని మాత్రం తెచ్చుకోండి.

తిరిగి వచ్చిన వారం పది రోజుల్లోపే, ఇంకొకరి పెళ్లి మీద కాకుండా, మీ ఇంట్లోనే సాధన చేయండి. ఇద్దరిని పీటలపై కూర్చోబెట్టి, పట్టుచీర కట్టించి, గిల్టు నగలు పెట్టి, ముందు ఒకరిని వంగి నిలబడమని చెప్పి, ఫ్లాష్‌ను ఒక మీటరు, రెండు మీటర్లు, నాలుగు మీటర్ల దూరాల్లో ఉంచి తీయండి. దూరం పెరిగిన కొద్దీ ఫ్లాష్ శక్తి ఎంత పెంచవలసి వచ్చిందో, బ్యాటరీ ఎంతసేపు నిలిచిందో రాసుకోండి. తరువాతి పెళ్లిలో ఈ ఒక్క మార్పునే అమలు చేసి, అడ్డుతెర తొలగిన క్షణపు ఫోటోను పాత పెళ్లి ఫోటో పక్కన పెట్టి చూడండి. ఇంకా మిగిలిన లోపం ఏదైతే ఉందో, దాన్ని కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో తేదీ వేసి రాసిపెట్టండి.