కాలేజీలో వివాదాస్పద అంశంపై బహిరంగ చర్చ ఎలా పెట్టాలి?

నోటీసు బోర్డులో డిబేట్ అని ఉంటుంది. తీరా హాల్లోకి వెళ్తే జరిగేది వక్తృత్వ పోటీ. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కంఠస్థం చేసిన మూడు నిమిషాలు అప్పజెప్పి దిగిపోతారు. రెండో రకం టీవీ చూసి నేర్చుకున్నది. నలుగురూ ఒకేసారి అరుస్తారు, నడిపించేవాడు వాళ్లకంటే గట్టిగా అరుస్తాడు. డిగ్రీ కాలేజీల్లో చాలాకాలంగా చర్చలు నడిపిస్తూ, పక్క కాలేజీలకు జడ్జిగా వెళ్లి ఈ రెండు రకాలూ చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. నిజానికి ఇందులో కష్టమైన మెట్టు ఒక్కటే. మిగతాదంతా ఒక మధ్యాహ్నం పని.

ఏర్పాట్లు

సెమినార్ హాలు, స్టాండు మైకులు రెండు, మోగించడానికి ఒక గంట, అందరికీ కనిపించే గడియారం, రెండు రంగుల చీటీలు, ఓట్లు వేయడానికి అట్టపెట్టె. కార్డ్‌లెస్ మైకు అక్కర్లేదు, ఎందుకో తర్వాత చెబుతాను. ఫ్లెక్సీ వద్దు. ముఖ్య అతిథి అసలే వద్దు. జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువాలు, వేదికనలంకరించిన పెద్దలందరి పేర్లు అయ్యేసరికి గంట గడిచిపోతుంది. వెనక వరసలవాళ్లు బస్సు టైమైందని లేచిపోతారు.

ప్రిన్సిపాల్ గారి అనుమతి కాగితం మీద తీసుకోండి. ఆ కాగితంలో చర్చించబోయే వాక్యం పూర్తిగా ఉండాలి. 'సమకాలీన అంశంపై చర్చ' అని రాసి సంతకం పెట్టించుకుంటే, బయటి నుంచి ఒక్క ఫోన్ రాగానే ఆయన 'నాకు తెలియదే' అంటారు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో పెట్టుకోకండి.

తీర్మానం రాయడం

అందరూ బోల్తాపడేది ఇక్కడే. చర్చ రసాభాస అయితే మాట్లాడిన పిల్లలను తిడతారు గానీ, చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, వాళ్ల చేతికిచ్చిన వాక్యానిది. తీర్మానమంటే ప్రశ్న కాదు, శీర్షిక కాదు. ఔననడానికో కాదనడానికో వీలున్న ఒకే ఒక్క వాక్యం.

బడిలో ఏ మాధ్యమం ఉండాలన్న విషయమే తీసుకుందాం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడులను ఇంగ్లీష్ మీడియంలోకి మార్చడానికి 81, 85 నంబర్ల జీవోలు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ రెంటినీ కొట్టేసింది. అటూ ఇటూ గట్టి వాదనలున్న ఇంత మంచి విషయాన్ని కూడా మూడు రకాలుగా పాడుచేయొచ్చు.

'మాతృభాషను కాపాడుకోవాలి' అని పెట్టడం ఒకటి. దీన్ని ఎవరు కాదంటారు? ప్రతికూలంగా మాట్లాడాల్సిన పిల్లలు పాపం 'మాతృభాష అంటే మాకూ ప్రేమే, కానీ...' అని మొదలుపెట్టి నీళ్లు నములుతారు. 'తెలుగు మీడియమా, ఇంగ్లీష్ మీడియమా?' అనేది ఇంకొకటి. ఒక జట్టు పోతన పద్యం చదువుతుంది, రెండో జట్టు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి చెబుతుంది. ఎవరి దారి వాళ్లది, ఎక్కడా ఎదురుపడరు. మూడోది అన్నిటికంటే చెడ్డది: 'ఫలానా ప్రభుత్వ నిర్ణయం తప్పు'. ఇక హాలు పార్టీలవారీగా చీలిపోతుంది, జీవోలో ఏముందో ఒక్కరూ చదవరు.

నేనైతే ఇలా రాస్తాను: 'ప్రభుత్వ పాఠశాలల్లో అయిదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే బోధించాలి.' ఏ బడులో ఉంది, ఎప్పటివరకో ఉంది. 'లోనే' తీసేశారా, అనుకూల జట్టు 'రెండూ ఉండనివ్వండి' అని తప్పించుకుంటుంది. ఇలా బిగించి రాస్తే రెండు జట్లకూ చదువుకోవడానికి సరుకు దొరుకుతుంది. అనుకూలంగా మాట్లాడేవాళ్లకు 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ ఉంది, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని అందులో ఉంది. కనీసం అయిదో తరగతి దాకా అదే మాట చెప్పే 2020 జాతీయ విద్యా విధానమూ ఉంది. అవతలివాళ్లకు 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. ప్రైవేటు బడుల మీద ప్రభుత్వం మాతృభాషను రుద్దడానికి వీల్లేదని కోర్టు చెప్పేసింది. అలాంటప్పుడు ఈ నియమం ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకేనా అని వాళ్లు అడుగుతారు. అనుకూల జట్టు దానికి జవాబు చెప్పి తీరాలి. ఇంట్లో కోయ, గోండి మాట్లాడే పిల్లల సంగతేమిటని ఎవరైనా అడిగితే రెండు జట్లూ తల గోక్కోవాలి. అప్పుడది చర్చ.

ఇక రెండో జాగ్రత్త. హాల్లో కూర్చున్న మనుషులను ఓటుకు పెట్టకూడదు. 'రిజర్వేషన్లు రద్దు చేయాలి' అని తీర్మానం పెట్టారంటే, రెండో బెంచీలో ఉన్న అమ్మాయి ఈ క్లాసులో ఉండాలా వద్దా అని పక్కవాళ్ల చేత చేతులెత్తించినట్టే. అది ధైర్యమని కొందరు లెక్చరర్లు అనుకుంటారు. కాదు, ఒళ్లు దాచుకోవడం. నియమాన్ని వెతికి పట్టుకునే ఓపిక లేక మనుషుల మీద పడటం. రిజర్వేషన్ల జోలికే వెళ్లొద్దని నేననడం లేదు. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా బలహీన వర్గాలకు, అంటే ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం కోటా వచ్చింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. 'ఈడబ్ల్యూఎస్ కోటాకు ఉన్న 8 లక్షల ఆదాయ పరిమితిని తగ్గించాలి' అని పెట్టి చూడండి. అంకె మీద కొట్లాడుకుంటారు, ఆదాయం లెక్కలు తీస్తారు, ఎవరూ ఏడుస్తూ బయటికి వెళ్లరు. ఎస్సీ వర్గీకరణ మీద మాత్రం విద్యార్థుల చేత ఓటు వేయించకూడదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1తో ఇచ్చిన తీర్పు ఉంది, దాన్ని క్లాసులో కూర్చోబెట్టి చదివించండి. మాటల పోటీకి అది తగిన విషయం కాదు.

రాసిన వాక్యం పనికొస్తుందో లేదో చూడటానికి నాకొక పరీక్ష ఉంది. ఇది నెగ్గితే రేపు ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టాలి? 'అవినీతిని అరికట్టాలి' అంటే ఏ కాగితమూ లేదు, కాబట్టి చెత్తబుట్ట. 'డిగ్రీ కాలేజీల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు జరపాలి' అంటే కాగితం ఉంది. నియమాలు కూడా 2006లోనే లింగ్డో కమిటీ రాసిపెట్టింది, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదన్న దాకా.

ఆ పరీక్ష దాటాక వాక్యాన్ని స్టాఫ్ రూమ్‌కు తీసుకెళ్లండి. ఆ విషయంలో ఒకరితో ఒకరికి పడని ఇద్దరికి చూపించండి. ఇద్దరూ 'వాక్యం సరిగ్గానే ఉంది' అనాలి. ఒకరు ముసిముసిగా నవ్వుకున్నారంటే వాక్యం వాళ్లవైపు మొగ్గిందని అర్థం, మళ్లీ రాయండి. నోటీసు బోర్డుకెక్కాక మాత్రం ఎవరడిగినా ఒక్క అక్షరం మార్చకూడదు.

జట్లు

అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఎవరు ఎటువైపో చీటీ తీసి తేల్చాలి. ఇష్టమైన పక్షం ఎంచుకోనిస్తే ముందే తెలిసినదాన్నే మాట్లాడతారు, కొత్తగా ఏమీ చదవరు. విద్యార్థి నాయకులు 'మా సిద్ధాంతానికి విరుద్ధం సార్' అంటారు. సరే, ప్రేక్షకుల్లో కూర్చుని ప్రశ్నలు వేయమనండి. తయారీకి వారం చాలు. జట్టుకొక జీవో, చట్టం, తీర్పు ఏదో ఒకటి అసలు ప్రతి చదివి రావాలి. వాట్సాప్‌లో వచ్చింది చెల్లదు.

చీటీ పద్ధతి పెట్టినప్పుడు ఫోన్లలో వీడియో తీయనివ్వకండి. తాను నమ్మని పక్షాన అప్పగించిన పని చేస్తున్న పిల్లవాడి మాటలు ముప్పై సెకన్ల ముక్కగా స్టేటస్‌ల్లోకి వెళ్తే, అది వాడి సొంత అభిప్రాయమే అనుకుంటారు. వాడు ఊళ్లో తిరగాలి కదా.

సమయం

మొదట ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, తర్వాత ఎదుటివాళ్లకు జవాబుగా మూడేసి. నిమిషం మిగిలి ఉండగా ఒకసారి గంట కొట్టాలి, అయిపోగానే రెండుసార్లు, ఆపైన మైకు కట్. బాగా మాట్లాడేవాడికి అర నిమిషం ఎక్కువిస్తే తర్వాతి వాడు రెండు నిమిషాలడుగుతాడు.

ప్రశ్నలు

కార్డ్‌లెస్ మైకు వద్దన్నది దీనికోసమే. ప్రేక్షకుల్లోకి మైకు వెళ్తే తిరిగి రాదు. 'ప్రశ్న అడిగే ముందు చిన్న మాట' అంటూ ఉపన్యాసం మొదలవుతుంది. అలా వదిలేయడమే ప్రజాస్వామ్యమని వాదించేవాళ్లున్నారు. నేను చూసినంతలో ఆ మైకు ప్రతిసారీ అదే నలుగురైదుగురు అబ్బాయిల చేతుల్లో తిరుగుతుంది. చీటీ మీద రాసిమ్మనండి, పేరు అక్కర్లేదు. అమ్మాయిల ప్రశ్నలు, ఊళ్ల నుంచి వచ్చి మాట్లాడటానికి మొహమాటపడే పిల్లల ప్రశ్నలు అప్పుడు బయటపడతాయి. మోడరేటర్ వాటిని అటొకటి ఇటొకటి చదవాలి. తిట్లున్న చీటీని ఏమీ అనకుండా జేబులో పెట్టుకోవాలి, చదివి మందలించబోతే అదే పెద్ద వార్తవుతుంది.

ఓటు

రెండుసార్లు వేయించండి. లోపలికి వచ్చేటప్పుడు తెల్ల చీటీ, చివర్లో పసుపు చీటీ. ఔను, కాదు, తేల్చుకోలేదు. మొదటి లెక్క చివరిదాకా చెప్పొద్దు. ఎక్కువ ఓట్లొచ్చిన జట్టు కాదు, ఎక్కువమందిని తమవైపు తిప్పుకున్న జట్టు గెలిచినట్టు. 1933 ఫిబ్రవరిలో విద్యార్థుల చర్చా సంఘమైన ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో 'రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ యుద్ధం చేయబోము' అన్న తీర్మానం 275-153తో నెగ్గింది. బ్రిటన్‌లో పెద్ద గొడవైంది. కానీ ఒక్కసారి వేసిన ఆ ఓటును బట్టి, ఆ రాత్రి మాటలు విని మనసు మార్చుకున్నవాళ్లెందరో చెప్పలేం.

ఈ పద్ధతిలోనూ కొందరు తెలివిమంతులు మొదట కావాలని అటు వేసి, చివర్లో ఇటు మారుస్తారు. రెండు చీటీల లెక్కా నోటీసు బోర్డులో పెట్టేస్తే వాళ్ల తెలివి అందరికీ కనిపిస్తుంది. ఉత్తమ వక్త బహుమతి పెట్టకండి, పెడితే మళ్లీ వక్తృత్వ పోటీలోకే జారుతుంది.

ఓట్లు లెక్కపెట్టడానికి కాసేపు పడుతుంది. ఈ ఖాళీలో ఎవరో ఒక సీనియర్ మేష్టారిని 'రెండు మాటలు చెప్పండి సార్' అని వేదిక మీదికి పిలవాలనిపిస్తుంది. పిలవకండి. టీ ఇవ్వండి.