హామ్ సంఘాల పేర్లు తికమక పడకుండా ఉండాలంటే

హామ్ అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాడు. బెంగళూరులో మల్లేశ్వరం మేడ మీద వైరు యాంటెన్నా కట్టిన కొత్తలో, సంఘాల పేర్లు తికమకపడి, జపాన్ వాళ్ళకి పోవాల్సిన క్యూఎస్ఎల్ కార్డుని (రేడియోలో మాట్లాడుకున్నామని రుజువుగా పంపే కార్డు) ఆస్ట్రేలియా కట్టలో పెట్టేశాను. మీరు ఆ పని చేయకండి.

ముందు పేరు జోలికి పోవద్దు, కాల్‌సైన్ (ఒక్కో స్టేషన్‌కీ ఇచ్చే గుర్తింపు పేరు) మొదటి అక్షరాలు చూడండి. జేఏ అంటే జపాన్, వీకే ఆస్ట్రేలియా, డీఎల్ జర్మనీ, వీయూ మనది. దేశం తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే 1925లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్‌లో దేశానికి ఒక్క సంఘానికే చోటు.

తర్వాత పొట్టిపేరు విప్పండి. జపాన్‌ది జేఏఆర్ఎల్, అంటే జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్. మనది ఏఆర్ఎస్ఐ, అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా. ఇవి సులువే. అమెరికా వాళ్ళ ఏఆర్ఆర్ఎల్ దగ్గరే చాలామంది జారతారు: అందులో ఏ అంటే అమెచ్యూర్ కాదండీ, అమెరికన్, రెండో ఆర్ రిలే. 1914లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ హార్ట్‌ఫర్డ్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి సందేశం పంపబోతే సిగ్నల్ అందలేదు, మధ్యలో విండ్సర్ లాక్స్‌లో ఉన్న ఇంకో హామ్ అందుకుని పంపాడు, ఊళ్ళో పెళ్ళి కబురు ఇంటింటికీ పాకినట్టు. ఇలా అందించుకుంటూ పోదామనే ఆ ఏడే లీగ్ పెట్టారు, ఆ పనే పేరులో ఉండిపోయింది.

పేరులో ‘వైర్‌లెస్’ కనిపిస్తే పాత సంఘమని ఊహించొచ్చు. వైర్‌లెస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రేలియా 1910 నాటిది. బ్రిటన్ వాళ్ళది కూడా 1913లో లండన్ వైర్‌లెస్ క్లబ్‌గానే మొదలైంది, తర్వాత ఆర్ఎస్‌జీబీ, అంటే రేడియో సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ అయింది.

ఇక న్యూజిలాండ్ ఎన్‌జడ్ఏఆర్‌టీలో చివరి టీ ట్రాన్స్‌మిటర్స్. దాన్ని మాత్రం బట్టీ పట్టాల్సిందే, నాకింకో దారి దొరకలేదు.