ఓడుతున్న జట్టును వదలకుండా చూడాలంటే

మాది అమలాపురం. నేను చూసే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ 2024-25 ప్రీమియర్ లీగ్‌లో 42 పాయింట్లతో 15వ స్థానానికి పడిపోయాక నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది.

ముందు టైము చూసుకోండి. అక్కడ రాత్రి ఎనిమిదింటి ఆట చలికాలంలో మనకు ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. తెల్లారి కొబ్బరి దింపు ఉంటే పడుకోండి, స్కోరు పొద్దున చూద్దురు గాని.

గోల్ పడగానే ఫోన్ బోర్లించేయండి. కోపంలో స్నేహితులకు మెసేజ్ పెట్టకండి, నేను పెట్టి ఒకణ్ని దూరం చేసుకున్నాను.

ఓడాక మంచమెక్కొద్దు, నిద్ర రాదు. 2025 మేలో యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ ఫైనల్‌ టాటెన్‌హామ్‌కు 1-0తో పోయిన రాత్రి కాలవగట్టు మీదికెళ్లాను. కాలవ కట్టేసిన రోజులు, అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. రేవు మెట్ల మీద తెల్లారేదాకా కూర్చున్నాను.

1974లో ఇదే జట్టు రెండో డివిజన్‌కు దిగిపోయి, ఏడాదికే పైకొచ్చింది. చొక్కా ఉతికి ఆరేసుకోండి, శనివారం మళ్లీ ఆట ఉంది.