పాత లండన్ పోస్టర్ కొంటున్నారా, ముందు కింది అంచు చూడండి

లండన్ అండర్‌గ్రౌండ్ వాళ్లు వందేళ్ల కిందట అడవులూ కొండలూ బొమ్మలేయించి స్టేషన్ గోడలకి అంటించేవారు. ఆఫీసు వేళల్లో కిటకిటలాడే రైళ్లు మిగతా వేళల్లో ఖాళీగా తిరిగేవి. ఆ సీట్లు నిండాలంటే జనాన్ని సెలవు రోజున పచ్చని చోట్లకి లాగాలి. 1908లో ఈ ప్రచారం ఫ్రాంక్ పిక్ అనే ఉద్యోగి చేతికొచ్చాక మంచి మంచి చిత్రకారులకి పని దొరికింది. ఆ పోస్టర్లలో నాకు ప్రాణం, 1915లో మెక్‌నైట్ కాఫర్ వేసిన ఆక్సీ వుడ్స్ అనే అడవి బొమ్మ.

కొనేటప్పుడు ముందు టేపు పెట్టి కొలవండి. స్టేషన్లలో బాగా వాడింది డబుల్ రాయల్ సైజు, 40 అంగుళాల ఎత్తు, 25 వెడల్పు. చిన్న సైజులూ వేసేవారు కాబట్టి కొలత ఒక్కటే నమ్ముకోవద్దు.

అసలు పరీక్ష భూతద్దంతో. నగల షాపుల్లో వాడే పది రెట్ల అద్దం చాలు. దాన్ని ఆకాశం రంగు మీద పెట్టండి. ఇప్పటి ఆఫ్‌సెట్ ప్రింటైతే రంగురంగుల చుక్కలు ముగ్గు పెట్టినట్టు వరసగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే సన్నటి తుంపర. పాత లితోలో, అంటే రాతి మీద బొమ్మ గీసి అచ్చేసే పద్ధతిలో, ఒక్కో రంగునీ విడిగా అచ్చేసేవారు. అందుకే రంగు పూసినట్టు నిండుగా ఉంటుంది, లేదంటే రాతి మీద క్రేయాన్ గీసిన గరుకుదనం ఒక వరస అంటూ లేకుండా కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగు పక్కనున్న పసుపు మీదికి వెంట్రుకవాసి ఎక్కిన చోటు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

తర్వాత కింది అంచు. ప్రెస్ పేరు సాధారణంగా అక్కడే సన్న అక్షరాల్లో ఉంటుంది, జాన్సన్ రిడిల్ లాంటివి. లండన్ ట్రాన్స్‌పోర్ట్ అనే పేరు ఉంటే అది 1933 జూలైకి ముందుది కాదు. అమ్మేవాళ్లు 1925 నాటిదంటే ఒప్పుకోవద్దు.

ఆ అంచు విలువ నాకు నష్టపోయాక తెలిసింది. ఒక బస్సు పోస్టరు ఫ్రేముకిస్తే, పట్టలేదని షాపతను అర అంగుళం కోసేశాడు. ప్రెస్ పేరు కాస్తా పోయింది. చెప్పి ఊరుకోకండి, కత్తెర తగలకూడదని రసీదు మీద రాయించండి. జిగురూ సెలోటేపూ అసలే వద్దు. వెనక ఆమ్లం లేని అట్ట వేయించండి, కాగితం అద్దానికి ఆనకుండా సందు ఉంచమనండి.

డబ్బు కట్టే ముందు లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఆన్‌లైన్ కలెక్షన్‌లో అదే పోస్టరు వెతికి, పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. తగిలించేది ఎండ పడని గోడకే. మా ఇంట్లో మెట్ల దగ్గర ఉంది, అక్కడికి ఏ పూటా ఎండ రాదు.