గిటారు ఎంపిక, నాలుగవ పాఠం: పై పలక మందం

సౌండ్‌హోల్ (పై పలక మధ్యలోని గుండ్రని రంధ్రం) అంచును చూసి, తీగల క్రింద ఉండే పై పలక ఒకే చెక్కదా, పొరలు అంటించిన ప్లైవుడ్డా అని గుర్తించడం క్రిందటి పాఠంలో చెప్పుకున్నాము. అభ్యాసానికి వచ్చిన జవాబులలో చాలావరకు, ఒకే చెక్క అయితే చేతిపని గిటారనీ, ప్లైవుడ్ అయితే ఫ్యాక్టరీ గిటారనీ తేల్చాయి. ఈ సూత్రాన్ని దయచేసి మరచిపోండి. పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో మార్టిన్ కంపెనీ చేసే డి-28 ఫ్యాక్టరీ గిటారే అయినా, స్ప్రూస్ అనే చెట్టు చెక్కతో చేసిన దాని పై పలకా, భారతీయ రోజ్‌వుడ్‌తో చేసిన వెనుక, ప్రక్క పలకలూ పొరలు లేని చెక్కలే. ఆస్ట్రేలియాకు చెందిన గ్రెగ్ స్మాల్‌మన్ తన క్లాసికల్ గిటార్లలో వెనుక, ప్రక్క భాగాలను కావాలనే పొరలు అంటించి బరువుగా చేస్తారు. తీగల శక్తి పై పలకనే కదిలించాలన్నది ఆయన ఉద్దేశం.

చేతిపని గిటారుకూ ఫ్యాక్టరీ గిటారుకూ అసలు తేడా పై పలకను ఎంత పలుచగా చెక్కాలో నిర్ణయించే పద్ధతిలో ఉంది. 0.3 మిల్లీమీటర్లకు ఏమవుతుందిలే అనే మాట నేను తరచూ వింటుంటాను, అందుకే లెక్క వేసి చూపిస్తాను. పలక బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, మందం యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది. 3 మిల్లీమీటర్ల పలకను 2.7కు తగ్గిస్తే బరువు 10 శాతమే తగ్గుతుంది. బిగువు మాత్రం 0.9ని మూడుసార్లు గుణించగా వచ్చే 0.729కి, అంటే సుమారు 27 శాతం మేర పడిపోతుంది. పైగా ఒకే జాతి స్ప్రూస్‌లోనే ఒక పలక మరొకదానికంటే ఎంతో బిగువుగా ఉండవచ్చు. లైట్ గేజ్ (సన్న రకం) తీగలు అన్నీ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి కనుక, ఒకే మందాన్ని ఖాయం చేసుకున్న ఫ్యాక్టరీ బలహీనమైన పలక కూడా తట్టుకునేలా దానిని నిర్ణయించాలి. అప్పుడు బిగువైన పలకలో అనవసరపు బరువు మిగిలిపోతుంది. చేతిపనివాడు ప్రతి పలకనూ వంచి, తట్టి, దానికి తగినంత చెక్కుతాడు. పలకకు లోపల ఊతంగా అంటించే బ్రేసింగ్ పట్టీలనూ అలాగే సరిచేస్తాడు.

నెక్ (తీగలను వ్రేళ్ళతో నొక్కే పొడవాటి మెడ భాగం) విషయంలో నా మొగ్గు ఫ్యాక్టరీ వైపే. టేలర్ కంపెనీ 1999లో తెచ్చిన బోల్టుల జోడింపులో షిమ్‌లు అనే పలుచని బిళ్ళలు మార్చి నెక్ కోణాన్ని సులభంగా సరిచేయవచ్చు.

దుకాణంలో సమయం తక్కువైతే నేను మొదటి తీగను (అన్నిటికంటే సన్ననిది) ఏడవ ఫ్రెట్‌కు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీకి) పైన మాత్రమే మోగిస్తాను. మంద్ర స్వరాలు సాధారణ గిటార్లలోనూ బాగానే పలుకుతాయి, కానీ బరువైన పలక ఇక్కడ పీలగా మోగి త్వరగా ఆగిపోతుంది.

అభ్యాసం: ఒకే మోడల్‌కు చెందిన రెండు ఫ్యాక్టరీ గిటార్లు తీసుకోండి. రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేసి, ఆరు తీగల మీదా 1 నుంచి 12 వరకు ప్రతి ఫ్రెట్‌నూ మోగించి, 72 స్వరాలూ ఎన్ని సెకన్లు నిలిచాయో పట్టికలో వ్రాయండి. మరుసటి రోజు మీరు చూడకుండా మరొకరిచేత వాయింపజేసి, ఏది ఏ గిటారో చెప్పండి. పాత తీగలతో చేసిన పట్టికలను నేను చూడను.